నాగులమ్మ చూపించే ఐదో బురుజు

ఉడుములపాడు గడీ చూడటానికి వచ్చినవాళ్ళను నాగులమ్మ ముందుగా వాకిట్లో నిలబెట్టి బురుజులు లెక్కపెట్టమంటుంది. వాళ్ళు మెడలెత్తి, వేళ్ళు చూపించి, నాలుగని తేలుస్తారు. టికెట్టు మీద కూడా నాలుగనే ఉంటుంది. అప్పుడామె కొంగు బొడ్లో దోపుకుని, "ఇంకోటున్నది. దొరలు గదా, అన్నీ మనకు కనవడేటట్టు కడ్తరా?" అంటుంది.

ఆ ఐదో బురుజు వెనకగోడ కడుపులో ఉంది. బయటినుంచి చూస్తే గోడ అక్కడ కొంచెం ఒళ్ళు చేసినట్టు ఉంటుంది, అంతే. వడ్లు పోసే కొట్టులో మూలనున్న చెక్క తలుపు తీస్తే సందు మొదలవుతుంది. మనిషి పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి నడవాలి. సందు చివర నాలుగు మెట్లు కిందికి దిగితే కిటికీ లేని అర్ర ఒకటి. అక్కణ్ణుంచే పైకి ఎక్కితే బురుజు. పట్నం నుంచి వచ్చినవాళ్ళలో బొజ్జ ఉన్న మనిషి కనిపిస్తే నాగులమ్మకు ఎక్కడలేని హుషారు. "మీరు ముంగట నడువుండ్రి సారూ. మీరు దూరితే అందరం దూరినట్టే," అని అతన్నే ముందు తోలుతుంది.

యాభై ఐదేళ్ళ మనిషి. పత్తి ఏరింది. హైవే పడేటప్పుడు నార్కట్‌పల్లి దగ్గర కంకర మోసింది. అక్కడే ఒక దాబాలో బోళ్ళు తోమింది. మొగుడు బాలస్వామి లారీ మీద క్లీనరుగా పోయి, నెలకోసారి చుట్టంలా ఇంటికొచ్చి, ఒక నెల రాకుండానే పోయాడు. ఇద్దరు బిడ్డల పెళ్ళిళ్ళు చేసింది. అయితే నాగులమ్మ ఎవరని ఊళ్ళో అడిగితే ఇవేవీ చెప్పేవాళ్ళు కాదు. "దొంగ జానయ్య బిడ్డ" అనేవాళ్ళు.

అది డెబ్భై ఆరు నాటి మాట. నాగులమ్మకు ఎనిమిదేళ్ళు. వాళ్ళ నాయిన జానయ్య గడీలో నీళ్ళు మోసేవాడు. ఒకరోజు దొరసాని తమలపాకులు పెట్టుకునే వెండి పాన్‌దాన్ కనిపించలేదు. పెద్దదొర నర్సింగరావు ఎవరినీ ఏమీ అడగకుండా జానయ్యను పట్టించి ఆ కిటికీ లేని అర్రలో వేయించాడు. అందులో అప్పటికే ఇంకొకడున్నాడు, జీతగాడు మల్లయ్య. దొర ఎద్దును కొట్టాడని వేశారు. ఇద్దరూ ఒకే వాడ, ఒకే ఈడు, ఒకే కల్లు ముంత. చీకట్లో మల్లయ్య చెయ్యి పట్టుకుని జానయ్య గుసగుసగా చెప్పాడు: "మల్లిగా, గా పాన్‌దాన్ దొరనే సంచిల వెట్టుకున్నడు. పట్నం పోయేనాడు నేను సూసిన." తెల్లారి దొర దిగివచ్చి, "నేను సంచిల వెట్టుకునుడు చూసినవా?" అంటూ అదే మాట జానయ్య మొహాన కొట్టి, చింతబరికె విరిగేదాకా బాదించాడు. మూడోరోజు జానయ్య నేనే తీశానని ఒప్పుకుని బయటపడ్డాడు.

దెబ్బలు మానాయి. రెండు సంగతులు మానలేదు. ఒకటి, దొంగ అన్న పేరు. బళ్ళో పలక పోతే సారు నాగులమ్మ వైపే చూశాడు, మర్నాటి నుంచి ఆమె బడికి పోలేదు. పెళ్ళై అత్తగారింటికి పోతే అత్త బియ్యం కుండకు గుడ్డ కట్టి ముడి మీద ముడి వేసింది. ఎవరింట్లో చెంచా కనిపించకపోయినా ముందు నాగులమ్మ కొంగు వైపే చూపులు పోయేవి. రెండోది, మల్లయ్య. చీకట్లో చెవిలో చెప్పిన మాట దొరకు ఎట్లా తెలిసింది? అర్రలో ఉన్నది ఇద్దరే. ఒకడు దెబ్బలు తిన్నాడు. మరి చెప్పింది ఎవరు? జానయ్య చచ్చేదాకా మల్లయ్యతో మాట్లాడలేదు. చచ్చేముందు బిడ్డను దగ్గరికి పిలిచి, "మల్లిగాడే చెప్పిండు బిడ్డా, వాని సంగతి ఇడ్వకు," అని మరీ పోయాడు.

నాగులమ్మ ఇడవలేదు. అంత కష్టపడి ఇంకే పనీ చెయ్యలేదేమో కూడా. మల్లయ్య ఇంటి ముందు నుంచి పోయిన ప్రతిసారీ ఆగి, గొంతు సవరించుకుని, గడప దాకా పడేట్టు ఉమ్మేది. మల్లయ్య బీడీల కట్టలో ఎండుమిరప గింజలు దూర్చింది. పాలిచ్చే బర్రెను విప్పి ఊరవతల తోలింది. మల్లయ్య కూతురి పెళ్ళికి వాడంతా పోతే తాను మాత్రం ఆ ఇంటి ఎదురుగా అరుగు మీద కూర్చుని, మేళం ఆగినప్పుడల్లా పోయినవాళ్ళను తలచుకుని రాగం తీసి ఏడ్చింది. పెళ్ళికొడుకు తల్లి లేచి పోతానందట. నాయిన నాటి నుంచి ఇట్లా నలభై ఏడేళ్ళు.

కరోనా పోయాక పెద్దదొర మనవడు దివాకర్ రావు హైదరాబాదు నుంచి దిగాడు. గడీకి సున్నం వేయించి, గబ్బిలాలను పొగబెట్టి తోలించి, టికెట్టు పెట్టాడు. "దొరా అనకండి, సారు అంటే చాలు," అని ఊరందరికీ చెప్పాడు. సారూ అని పిలిస్తే మాత్రం రెండోసారి పిలిచేదాకా పలకడు. ఊడ్చే పనికి నాగులమ్మ చేరింది, కావలి పనికి మల్లయ్య మనవడు మల్లేష్. గడీ చూపించడానికి పట్నం నుంచి టై కట్టుకున్న పిల్లగాణ్ణి ఒకణ్ణి తెచ్చారు. మూడోనాడు సందులో మిగిలిపోయిన గబ్బిలం ఒకటి అతని నెత్తిన వాలింది. అతను పరుగెత్తి బస్సెక్కేదాకా టై వెనకాలే ఎగురుతూ పోయింది. అప్పటికి టికెట్లు కొన్నవాళ్ళు వాకిట్లో ఉన్నారు. చీపురు పక్కన పెట్టి నాగులమ్మ ముందుకొచ్చింది. వాడు మూడురోజులు చెప్పిందంతా ఆమెకు నోటికొచ్చేసింది, వాడి దగ్గుతో సహా. ఆనాటి నుంచి గడీ చూపించేది ఆమే.

చెప్పవలసినదంతా దివాకర్ రావు రాసి ఇచ్చాడు. నాయినను వేసిన అర్రకు అతను పెట్టిన పేరు వేసవి గది. బోర్డు కూడా కొట్టించాడు: 'వేసవి గది. దొరసానులు ఎండాకాలం చల్లగా కూర్చుని పచ్చీసు ఆడుకునే చోటు.' రెండేళ్ళు నాగులమ్మ ఆ మాట చెప్పింది. చెప్పిన ప్రతిసారీ నోట్లో చేదు ఊరేది. బయటికొచ్చి మల్లయ్య గడప మీద ఉమ్మితే గాని పోయేది కాదు.

ఒక బేస్తవారం పొద్దున ఐదో బురుజు పైన ఊడుస్తుంటే ఆమె పాదాల దగ్గర ఎవరో మాట్లాడారు. చీపురు జారిపోయింది. చుట్టూ ఎవరూ లేరు. "టార్చిలల్ల బ్యాటరీలు అయిపోయేదాకా ఏం జేస్తున్నవ్ మల్లేషూ? బయట అంటే నీ ఇజ్జత్ పోతదని ఈడికి తెచ్చి అంటున్న." దివాకర్ రావు గొంతు. అతనికి అదొక అలవాటు. పనివాళ్ళను తిట్టాలంటే చూడవచ్చినవాళ్ళ ముందు తిట్టడు, వేసవి గదిలోకి పిలిచి తలుపు వేసి తిడతాడు. మూరెడు మందం గోడలు, కేక పెట్టినా బయటికి రాదు. నాగులమ్మ నేల మీద బోర్లా పడుకుని వెతికింది. గోడ మొదట్లో పిడికిలంత కన్నం, పావురాల ఈకలతో సగం పూడి ఉంది. చెవి పెట్టింది. దివాకర్ రావు ఉస్సూరనడం కూడా వినిపించింది.

ఆమె అట్లాగే పడుకుని ఉండిపోయింది. పెద్దదొర ఇక్కడే కూర్చుని ఉంటాడు, కుర్చీ వేసుకుని. కింద చీకట్లో ఇద్దరు కూలీలు చేతులు పట్టుకుని చెప్పుకున్నది ఇక్కడ, పాన్ నములుతూ, విని ఉంటాడు. మల్లయ్య ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పింది గోడ.

ఇన్నేళ్ళ ఉమ్మి తప్పు గడప మీద పడింది. ఆ సిగ్గుకు ఒళ్ళు చల్లబడింది, వెంటనే కోపానికి కాలిపోయింది. మల్లయ్య దగ్గరికి పోయి తప్పయిందనే ఆలోచన ఆమెకు రాలేదు. అదంతా తర్వాత. ముందు దొర నోటి నుంచి, దొర అర్రలోంచి, జానయ్య దొంగ కాదన్న మాట పదిమంది వినేట్టు బయటికి రావాలి. కొంగు చివరతో ఈకలన్నీ లాగింది. వెదురుపుల్ల పెట్టి కన్నం నున్నగా గీకింది.

కిందికొచ్చి మల్లేష్‌ను పట్టుకుంది.

"ఆయితారం మీ తాతను బురుజు మీదికి ఎక్కించు."

మల్లేష్ రెండడుగులు వెనక్కి వేశాడు. "ఎందుకత్తా? తోస్తవా?"

"తోసేదుంటే ఎన్నడో తోద్దును. మీదికి తెచ్చి, గోడ మొదట్ల కన్నమున్నది, దాని పక్కన కూసోవెట్టు. నీ నోట్లకెళ్ళి ఒక్క మాట బయటికొచ్చిందో, బ్యాటరీలు యాడ అమ్ముకున్నవో సారుకు చెప్త."

మల్లయ్యకు ఎనభై నాలుగేళ్ళు. ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది ఇష్టమున్నప్పుడు పని చేస్తుంది. బురుజు అనగానే ఎందుకని అడగలేదు. "కింద మూడు దినాలున్న. మీద ఎట్లుంటదో సూద్దాం పా," అన్నాడు. ఆనాడు పొద్దున్నే, గుంపు రాకముందు, సందు పక్కకు తిరిగి దాటి, మెట్ల దగ్గర మనవడి వీపు మీద ఎక్కాడు.

ఆదివారం ఇరవై మందికి పైగా వచ్చారు. పట్నం వాళ్ళు, నారాయణపేట చీరలు కట్టుకున్న కాలేజీ టీచరమ్మలు, కెమెరాలు మెడకు కట్టుకున్న కుర్రవాళ్ళు. పెద్ద గుంపు కదా అని దివాకర్ రావు కూడా తెల్ల లాల్చీ వేసుకుని వెంట నడిచాడు. సందు దాటి, నాలుగు మెట్లు దిగి, బ్యాటరీ వెలుగులో అందరూ అర్రలో నిలబడ్డారు. నాగులమ్మ బోర్డు వైపు చెయ్యి చూపించింది.

"గీడ ఏం రాసున్నదో సదువుండ్రి."

ఒక టీచరమ్మ చదివింది. ఎంత బాగుందో అని ఎవరో అన్నారు.

"అబద్ధం," అంది నాగులమ్మ. "గీ అర్రల దొరసాని కాలు వెట్టలే. మా నాయిన జానయ్యను ఏసిర్రు. తియ్యని పాన్‌దాన్ తీసిండని మూడు దినాలు కొట్టిర్రు. గా మూలకు."

దివాకర్ రావు నవ్వాడు. నవ్వి, రెండు చేతులూ తట్టి, "పల్లె కథలండీ, వీళ్ళ దగ్గర బోలెడు. పైన గాలి బాగుంటుంది, మల్లేష్ చూపిస్తాడు, పదండి పదండి," అన్నాడు. మల్లేష్ దారి చూపించాడు. ఒక్కొక్కరే మెట్లెక్కారు. ఆఖరి చెప్పుల చప్పుడు పైకి పోగానే దివాకర్ రావు మెట్ల తలుపు వేశాడు. అతను వేస్తాడని నాగులమ్మకు తెలుసు. ఏం మాట్లాడతాడో తెలియదు. కానీ ఎవరూ వినరనుకున్నచోట మనిషి నిజమే మాట్లాడతాడని ఆమె నమ్మకం.

"ఏందిది నాగులమ్మా? వచ్చినోళ్ళ ముంగట మా ఇజ్జత్ తీస్తవా?"

"నా ముచ్చట నేను చెప్పుకున్న సారూ. అండ్ల మీ ఇజ్జత్ యాడున్నది?"

"కూలి ఇస్తున్న కదా? మర్యాదగ చూస్తున్న కదా? ఇంకేం కావాలె?"

"మా నాయిన దొంగ కాదని చెప్పుండ్రి. గంతే."

"నీకు చెప్తే అయిపోతదా?"

"ముందుగాల నాకు చెప్పుండ్రి."

దివాకర్ రావు విసుగ్గా నుదురు రుద్దుకున్నాడు. "సరే, విను. మీ నాయిన దొంగ కాదు. మా ఇంట్ల అందరికీ ఎర్కనే. ఆ పాన్‌దాన్ మా తాతనే తీస్కపోయి పట్నంల ఒకామెకు ఇచ్చిండు. మా నాయినమ్మ అడిగితే ఏం చెప్తడు? చేతికి దొరికినోని మీద వెట్టిండు. మీ నాయిన దొరికిండు. అయిపోయిన ముచ్చట. ఇప్పుడు తవ్వుకుంటే నీకేమొస్తది, నాకేమొస్తది? నోరు మూసుకుని వేసవి గది అను, నీ పని నీకుంటది."

నాగులమ్మ జవాబివ్వలేదు. గోడ ఇచ్చింది.

"ఏమన్నడురా? పాన్‌దాన్ ఎవలికిచ్చిండు?"

దివాకర్ రావు గిరుక్కున తిరిగాడు. వెనక ఎవరూ లేరు.

"పట్నంల ఒకామెకట తాతా!" గోడలోంచి మల్లేష్ గొంతు.

"ఆఁ? ఏమామె?"

"ఒకామె తాతా, ఒకామె!"

"ఉంచుకున్నదా?"

"ఆఁ, గట్లనే!"

పైన ఇరవై గొంతులు ఒక్కసారి గొల్లుమన్నాయి. ఆ నవ్వు కన్నంలోంచి జారి అర్ర నిండా పడింది. దివాకర్ రావు గోడను రెండు చేతులతో తడిమాడు, ఎక్కణ్ణుంచి వస్తుందో అర్థం కాక బ్యాటరీ పైకీ కిందికీ తిప్పాడు. కప్పు మూలలో నల్లని చుక్కలా కన్నం కనిపించింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న సామాను చూపించినట్టు చూపించింది నాగులమ్మ. "మీ తాత చెవి సారూ. మీకు తెల్వదా? పట్నంల పెరిగిర్రు గద, ఊడ్చెటోళ్ళకే తెలుస్తయ్ గిసొంటియి."

అప్పుడు పైనుంచి మల్లయ్య మళ్ళీ మాట్లాడాడు. ఈసారి అరవలేదు. "అయితే జానిగాడు నాకు చెప్పింది దొరకు గోడ చెప్పిందా? నేను చెప్పలే గదరా. నేను చెప్పలే." పైన నవ్వు ఆగిపోయింది. ముసలాయన ఆ ముక్కే మూడు నాలుగుసార్లు అనుకున్నాడు, ఎవరూ అడ్డం రాలేదు. కింద నాగులమ్మ తల దించుకుంది. దొర మనవడి ముందు తల దించవలసి వచ్చినందుకు పుట్టిన కోపం కూడా అతని ఖాతాలోనే వేసింది.

సోమవారం దివాకర్ రావు మేస్త్రీని పిలిపించి కన్నానికి సిమెంటు కొట్టించాడు. నాగులమ్మను రావద్దన్నాడు. ఆమె ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంది. కెమెరాల కుర్రవాళ్ళు తీసిన వీడియో అప్పటికే నల్గొండ దాటిపోయింది. మరుసటి ఆదివారం గడీ ముందు కార్లు బారులు తీరాయి. దిగిన ప్రతివాడూ, "మాటలు వినపడే బురుజేది? ఆ అమ్మ ఏది?" అనే అడిగాడు. సిమెంటు చూసి పెదవి విరిచారు. నలుగురు టికెట్టు వెనక్కి తీసుకోమన్నారు. మధ్యాహ్నానికి దివాకర్ రావు తనే నాగులమ్మ ఇంటికి వచ్చాడు. ఆమె లేవలేదు, కూర్చోమని కూడా అనలేదు.

"నాగులమ్మా, రేపట్నుంచి రా. ఆ సిమెంటు తీపిస్త. నీకెట్ల చెప్పాలనిపిస్తే అట్ల చెప్పు."

"చెప్త. కని మీరు చెప్పాలె ముందుగాల. గడీల కాదు. మా వాడల, అందరున్నప్పుడు."

"వీడియోల అందరు విన్నరు కదా?"

"అండ్ల దొంగతనంగ దొరికిర్రు. నిలవడి చెప్పుండ్రి."

మంగళవారం పొద్దున వాడ నడుమ, బోరింగు దగ్గర అందరూ పనులకు పోకముందు, దివాకర్ రావు వచ్చి నిలబడ్డాడు. బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళు బిందెలతోనే ఆగారు. మల్లయ్యను మంచంతో సహా తెచ్చి కూర్చోబెట్టారు.

"అప్పట్ల ఒక పొరపాటు జరిగింది," అన్నాడు దివాకర్ రావు.

"ఎవల పొరపాటు సారూ?" నాగులమ్మ అడిగింది.

"పెద్దోళ్ళ..."

"పెద్దోళ్ళకు పేర్లుంటయ్."

"మా తాత నర్సింగరావు పొరపాటు. జానయ్య దొంగ కాదు."

"పాన్‌దాన్ యాడికి పాయెనో గది గూడ చెప్పు సారూ," అంది వెనకనుంచి ఉప్పలమ్మ, బిందె చంక మార్చుకుంటూ. ఆమెకు ఈ జగడంతో ఏ సంబంధమూ లేదు. ముచ్చట పూర్తిగా వినకుండా కదలదు, అంతే. దివాకర్ రావు అదీ చెప్పాడు, నేల చూస్తూ. చెప్పి, ఎవరి మొహమూ చూడకుండా కారెక్కాడు. కారు సందు మలుపు తిరిగేదాకా నాగులమ్మ చూసింది. కడుపు నిండినట్టే ఉంది, కానీ ఇంకొంచెం కావాలనిపిస్తోంది. వాణ్ణి ఇంకొక పూట నిలబెట్టవలసింది.

"అయిపోయిందా నీది?" అన్నాడు మంచం మీంచి మల్లయ్య.

నాగులమ్మ తిరిగింది.

"నీది అయిపోతే నాది షురూ చేద్దాం. గీడికి రా."

వాడంతా కదలకుండా నిలబడింది. నాగులమ్మ నాలుగడుగులు వేసి మంచం ముందు ఆగింది. అంత దగ్గరగా ఆ మొహాన్ని ఎప్పుడూ చూడలేదు. "తప్పయింది," అంది, గొంతులోనే.

మల్లయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఇనవడ్తలే."

"తప్పయింది పెద్దనాయినా!"

పుట్టి బుద్ధెరిగాక ఆ ముసలాయనను ఆమె అట్లా పిలవడం అదే మొదలు. మల్లయ్య ఆ వరస విననట్టే కూర్చున్నాడు.

"ఏందీ? గాలికి పోయింది మాట."

గాలి లేదు. బోరింగు పక్కన వేపాకు ఒక్కటి కదలడం లేదు. ముసలోడికి మంచి చెవి ఈ వైపే ఉందని నాగులమ్మకు తెలుసు. పళ్ళు కొరికింది. పిడికిళ్ళు బిగించి, వాడ చివరిదాకా వినపడేట్టు అరిచింది: "నా నోరు వడిపోను, తప్పయింది! నువ్వు చెప్పలే! మా నాయినకు తెల్వక నిన్నన్నడు, నాకు తెల్వక నీ గడప ఖరాబు జేసిన!"

మల్లయ్య చెవి దగ్గరనుంచి చెయ్యి తీశాడు.

"గీ మాట మీ నాయిన చెప్పవలసిండె," అన్నాడు.

"ఆయన లేడు గదా పెద్దనాయినా."

"లేడు. గందుకే నీతోని చెప్పిచ్చుకుంటున్న. ఇంకోపారి చెప్పు."